గుండిగ దించే చేతులు

ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. ప్రాథమిక పాఠశాలలో ఒక్కో బిడ్డకు మధ్యాహ్న భోజనం కింద రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె వాడాలని కేంద్ర నిబంధన. నూరుమంది పిల్లలున్న బడిలో అంటే పది కిలోల బియ్యం ఒక్కసారిగా ఉడకాలి. దానికి ఎసరు ఇరవై, ఇరవై అయిదు లీటర్లు. గుండిగ బరువు కూడా కలుపుకుంటే పొయ్యి మీదినుంచి దించవలసింది దగ్గర దగ్గర నలభై కిలోలు. అదీ సెగలు కక్కుతూ, పొగ కళ్లలో పడుతూ, అంచు పట్టుకోవడానికి మసిగుడ్డ తప్ప మరేమీ లేకుండా. అన్నం వార్చే అలవాటున్న చోట గంజి వంచడానికి దాన్ని వాల్చి పట్టుకోవాలి కూడా. నిబంధన ప్రకారం ఆ బడికి ఇద్దరు వంటవాళ్లు, చాలావరకు ఆడవాళ్లే. పిల్లవాడి పళ్లెంలో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని కాగితం మీద ఉంది. ఆ నలభై కిలోలు ఎలా దించాలో మాత్రం లేదు. బడి వంటగదికి ఏమేం ఉండాలి, లేకపోతే ఆ లోటు ఎవరి మీద పడుతోంది అన్నదే ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది.

వంట తెలిసినవాళ్లకు మూడు రాళ్లు చాలు, తెలియనివాళ్లకే సామాను కావాలి అనేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వంట కుదరకపోతే పొయ్యిని తిడతారని వాళ్ల భావం. రుజువుగా పెళ్లి వంటలు చూపిస్తారు. పెరట్లో నేలను పొడుగ్గా తవ్వి, రెండు పక్కలా ఇటుకలు పేర్చి, గాడిపొయ్యి వేసి, దానిమీద వరసగా గుండిగలు ఎక్కించి, వెయ్యిమందికి వేళకు వడ్డించిన వంటవాళ్లు మన జిల్లాల్లో తరతరాలుగా ఉన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకు అన్నం పెట్టారు. ఏ యంత్రం సాయంతోనూ కాదు. ఈ మాట నిజమే, గౌరవించదగినదే. అయితే గాడిపొయ్యిని కొంచెం దగ్గరగా చూడాలి. పెళ్లి వంట ఒప్పుకున్న మేస్త్రి ముందు ఒక జాబితా రాసి ఇస్తాడు. ఎన్ని గుండిగలు, ఎన్ని గంగాళాలు, ఏ కొలత కళాయిలు, ఎన్ని అబకలు, తెడ్లు, గంజి వార్చడానికి ఎన్ని తట్టలు, ఎన్ని బళ్ల ఎండు కట్టెలు, నీళ్లకు ఎన్ని డ్రమ్ములు, తరగడానికి ఎంతమంది. అవన్నీ సప్లై కంపెనీ నుంచో, ఇంటివాళ్ల దగ్గరనుంచో వచ్చి చేరాకే పొయ్యి వెలిగిస్తాడు. గుండిగ దించడానికి నలుగురు వస్తాదులుంటారు. ఏ వస్తువు తక్కువైనా పరుగెత్తి తెచ్చే మనిషి ఉంటాడు. మర్నాడు విశ్రాంతి, చేతికి కూలి. అంటే పైకప్పు ఒక్కటి తప్ప అన్నీ అమరిన వంటగది అది. తాత్కాలికమైనదీ చాలీచాలనిదీ ఒకటి కావు. గాడిపొయ్యి తాత్కాలికం. బడి ఆవరణలో చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి చాలీచాలనిది. ఏడాదికి దాదాపు రెండు వందల రోజులు దానిమీదే వండాలి. మొదటిదాని గొప్పతనాన్ని రెండోదానికి సాకుగా చూపడం అన్యాయం.

మరి అన్నీ అమరిన వంటగది అంటే ఏమిటి? పెద్ద హోటల్ వంటగదిలోకి తొంగిచూసినవాళ్లకు ముందుగా కనబడేది తళతళలాడే స్టీలు, గోడంత ఫ్రిజ్, గ్రైండర్లు, ఆవిరి పెట్టెలు. వాటిని కాసేపు పక్కన పెట్టి చూస్తే, అక్కడ అసలు విలువైనది దేనికి దానికి వేరే చోటు ఉండడం. కూరగాయలు వచ్చే దారి ఒకటి, వండినవి వెళ్లే దారి ఒకటి, ఎంగిలి గిన్నెలు తిరిగొచ్చే దారి ఇంకొకటి. పచ్చిసరుకు తరిగే బల్ల మీద వండిన పదార్థం పెట్టరు. నేల కడిగే మందులు బియ్యం ఉన్న గదిలోకి రావు. చెయ్యి కడుక్కునే కుళాయి పొయ్యికి నాలుగడుగుల్లో ఉంటుంది కాబట్టి చెయ్యి కడుక్కుంటారు. కుళాయి వంద గజాల దూరంలో ఉంటే ఎంత శుభ్రమైన మనిషైనా పదోసారికి కొంగుకు తుడుచుకుంటుంది. ఇదేమీ క్రమశిక్షణ లోపం కాదు. మనిషి ధ్యాస అలసిపోతుంది, గోడ అలసిపోదు. రెంటినీ వేరుగా ఉంచాలన్న సంగతి మనిషి గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా ఒక అరో, ఒక అడ్డుగోడో, ఒక మూతో గుర్తుపెట్టుకుంటుంది. సరిపడా సామాను లేని వంటగదిలో ఒకే నాలుగు చదరపు గజాల్లో తరగడం, కడగడం, వండడం, వడ్డించడం అన్నీ జరగాలి. వాటి మధ్య ఉండవలసిన గోడలన్నీ వంటమనిషి తలలోనే ఉండాలి. రోజూ ఉండాలి, జ్వరంగా ఉన్నరోజున కూడా ఉండాలి.

ఆ గోడ ఒక్కరోజు లేకపోతే ఏమవుతుందో మన దేశం చూసింది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండే పాకకు నిప్పంటుకుంది. ఆ మంట పక్కనే ఉన్న తరగతుల పూరికప్పుకు పాకింది. 94 మంది పిల్లలు చనిపోయారు. సరిగ్గా తొమ్మిదేళ్లకు, 2013 జూలై 16న, బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ బడిలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ బడికి సొంత వంటశాల లేదు, సరుకు దాచుకునే గది లేదు; సరుకులు వేరొకచోట ఒక ఇంట్లో ఉండేవి. ఒకచోట వంటపాకకూ తరగతికీ మధ్య ఎడం లేదు. ఇంకోచోట నూనెకూ పురుగుమందుకూ మధ్య తలుపు లేదు. ఈ రెండు ఘోరాల్లోనూ మనుషుల నిర్లక్ష్యం ఉంది, కోర్టులు దానికి శిక్షలు కూడా వేశాయి. శిక్ష పడడం న్యాయమే. అయినా నేను అడిగేది వేరు. నిర్లక్ష్యం ఏ వృత్తిలోనైనా ఎప్పుడో ఒకప్పుడు ఉంటుంది. ఒక్క మనిషి ఒక్క పూట ఏమరితే పిల్లల ప్రాణాలు పోయేటట్టు ఆ చోటు ఎందుకు ఉంది? సామాను, కట్టడం అనేవి పని సుఖం కోసం మాత్రమే ఉన్నవని అనుకుంటాం. మనిషి పొరపాటు పళ్లెం దాకా చేరకుండా మధ్యలో ఆపడం వాటి మొదటి పని.

ఇక చాలీచాలని చోట వండే మనిషి రోజూ ఏమేం పూడుస్తోందో చూడండి. కట్టెల పొయ్యికి మంట తగ్గించే మర ఉండదు. కట్టె వెనక్కి లాగాలి, నిప్పులు పక్కకు ఎగదోయాలి, మళ్లీ ముందుకు తోయాలి. పప్పు అడుగంటకుండా ఆ అయిదారు నిమిషాలూ పొయ్యి ముందునుంచి కదలకూడదు. అదే సమయానికి అన్నం వార్చాల్సి ఉంటుంది. వానాకాలంలో తడికట్టె మండదు, పొగే వస్తుంది. కొత్త బియ్యం వచ్చిన వారం ఎసరు తగ్గించాలి, లేకపోతే అన్నం ముద్దవుతుంది. ఈ సంగతి సరుకు పంపినవాళ్లు చెప్పరు, గింజ చూసి ఆమే కనిపెట్టాలి. కొన్ని ఊళ్ల బోరు నీళ్లకు పప్పు ఉడకదని ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ నీళ్లలోని లవణాలు పప్పుగింజ మెత్తబడకుండా అడ్డుపడతాయి. ఇంట్లో అయితే ప్రెషర్ కుక్కరు ఆ కష్టం తీరుస్తుంది, ఎందుకంటే మామూలు గిన్నెలో నీళ్లు వంద డిగ్రీల దగ్గరే ఆగిపోతే కుక్కరులో నూటఇరవై దాకా వెళతాయి. కుక్కరు లేని బడిలో అదనంగా గంటో గంటన్నరో కట్టె మండాలి, ఆ గంట పొగ ఆమె ఊపిరితిత్తుల్లోకి వెళ్లాలి. వంటింటి పొగకూ దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బులకూ కంటిశుక్లాలకూ ఉన్న సంబంధాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏళ్లుగా చెబుతూనే ఉంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం గ్యాస్ పథకం, 2016లో దేశమంతా ఉజ్జ్వల వచ్చినది ఈ పొగను వంటింట్లోంచి పంపించడానికే. సొంత ఇంట్లో నలుగురికి గ్యాస్ మీద వండుకునే మనిషి, బడికి వచ్చి నూరుమందికి కట్టెల మీద వండవలసి రావడం ఎవరికీ వింతగా తోచకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

గ్యాస్ ఎందుకు వాడరు అంటే, కేంద్రం నిర్ణయించిన వంట ఖర్చులోనే పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామానుతో పాటు పొయ్యి ఖర్చు కూడా కలిసి ఉంది. సిలిండరుకు పెట్టిన ప్రతి రూపాయీ కూరగాయల్లోంచి తగ్గాల్సిందే. తన ఊపిరికీ పిల్లల కూరకూ మధ్య ఎంచుకోమని ఒక పేదరాలిని అడగడం ఇది. ఆ వంట ఖర్చు బిల్లులు కూడా నెలనెలా రాక, కిరాణా కొట్లో అప్పు రాయించి వంట సాగించే మహిళా సంఘాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పైగా ఇప్పుడు వండవలసింది ఒట్టి అన్నం పప్పు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వేడి భోజనం మొదలైనప్పటితో పోలిస్తే ఇప్పుడు వంటకాల పట్టిక బాగా పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి పులిహోర, కిచిడీ, పొంగలి, వారానికి అయిదు గుడ్లు వచ్చాయి. 2023లో రాగి జావ చేరింది. పిల్లలకు ఇది చాలా మంచి మార్పు, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే మార్పు. కానీ జావ ఉండకట్టకుండా కలపాలంటే ఒక గిన్నె, ఒక మనిషి పొద్దున్నే పూర్తిగా దానికే కావాలి. గుడ్లు ఉడకబెట్టడానికి ఇంకో గిన్నె, ఇంకో పొయ్యి. వంటకాలు పెరిగినంతగా చాలా బడుల్లో పొయ్యిలు పెరగలేదు.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది. ఇంత ఇబ్బంది ఉన్నప్పుడు బడిబడికీ పొయ్యి ఎందుకు, ఒకేచోట పెద్ద వంటశాల కట్టి, ఆవిరి బాయిలర్లతో వండి, వ్యాన్లలో పంపితే సరిపోదా అంటారు. అక్షయపాత్ర సంస్థ 2000లో బెంగళూరులో మొదలై ఇప్పుడు ఎన్నో రాష్ట్రాల్లో ఆ పద్ధతిలోనే వండుతోంది. మన దగ్గర హైదరాబాదు, మంగళగిరి ప్రాంతాల్లో కూడా ఉంది. తిరుమల అన్నప్రసాదం కూడా 1985లో చిన్నగా మొదలై, నేడు భారీ వంటశాలల మీదే నడుస్తోంది. ఆ వంటశాలల్లో పొగ లేదు, గుండిగను చేతులతో దించే పని లేదు, దానంతటదే వంగే పాత్రలున్నాయి. పనిచేసేవాళ్ల ఒంటికి అది నిజమైన మేలు, దాన్ని తక్కువ చేయను. అయితే తిరుమలలో వండిన అన్నం పక్క హాల్లోనే వడ్డిస్తారు. బడి భోజనానికి ఆ వీలు లేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు ముప్పై నలభై కిలోమీటర్ల అవతల పల్లెలో వడ్డించాలంటే తెల్లవారుజామునే వండాలి. అన్నంలో బతకగలిగే ఒక సూక్ష్మజీవి ఉంది. దాని బీజాలు మరిగే నీళ్లకు కూడా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలతరబడి ఉంటే మొలకెత్తి విషం పుట్టిస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే వండినది వడ్డించేదాకా అరవై డిగ్రీలకు తగ్గకూడదని ఆహార భద్రతా నియమం. మంచి డబ్బాలు, మంచి రోడ్డు, వేళకు వచ్చే వ్యాను ఉంటే అది సాధ్యమే. ఒక టైరు పంక్చరైతే, ఒక వాగు పొంగితే సాధ్యం కాదు. చిన్న పొయ్యి దగ్గర పొరపాటు జరిగితే ఎనభైమందికి, పెద్ద బాయిలర్ దగ్గర జరిగితే వేలమందికి. దానికి తోడు, గుడ్డు వండని వంటశాల నుంచి భోజనం వచ్చే చోట పిల్లలకు గుడ్డు పెట్టాలంటే మళ్లీ బడిలోనే పొయ్యి వెలిగించాలి.

ఇంకో సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. బడిలో వండే మనిషి పిల్లల పళ్లేలు చూస్తుంది. ఏ రోజు కూర మిగిలిందో, ఏ పిల్ల రెండోసారి అన్నం అడిగిందో, ఎవరు పొద్దున ఏమీ తినకుండా వచ్చారో ఆమెకు తెలుసు. రేపటి ఉప్పు, కారం అందుకు తగ్గట్టు మారుతాయి. ఎంత ఖరీదైన వంటశాలకైనా ఆ చూపు ఉండదు, పొయ్యికీ పంక్తికీ మధ్య దూరం పెరిగాక ఉండడం కుదరదు. 2013 ఆహార భద్రతా చట్టం కూడా ప్రతి బడిలో వండుకునే వసతి, తాగునీరు, పారిశుద్ధ్యం ఉండాలని చెప్పి, కేంద్రీకృత వంటశాలల్ని పట్టణ ప్రాంతాలకు, అవసరమైన చోటికి పరిమితం చేసింది. నగరంలో ఇరుకు సందులో, ఆవరణ లేని బడికి పెద్ద వంటశాలే మేలని నేనూ ఒప్పుకుంటాను. పల్లె బడికి అది జవాబు కాదు. పిల్లలకు దగ్గరగా ఉండడం చిన్న వంటగదికి ఉన్న మేలు. సామాను ఉండడం పెద్ద వంటగదికి ఉన్న మేలు. మొదటిది డబ్బుతో కొనలేం. రెండోది కొనగలం.

ఎంత కొనాలి అంటే, భయపడేంత ఏమీ లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడి కట్టడంతో పాటు మధ్యాహ్న భోజనం వండే వంటగది కూడా ఉండాలని స్పష్టంగా ఉంది. నూరుమంది దాకా పిల్లలున్న బడికి ఇరవై చదరపు మీటర్ల వంటగది, సరుకుల గది అని కేంద్ర నియమం. ఆ ఇరవై చదరపు మీటర్లలోనే పని సాగాలి కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం. నా లెక్కలో మొదటిది కుళాయి, పక్కనే మురుగు పోయే తూము. రెండోది పొగ పోయే గొట్టం గానీ, వేరే పద్దు కింద వచ్చే గ్యాస్ గానీ. ఆ తర్వాత నేలకు జానెడు ఎత్తున అరలు, తాళం పడే సరుకుల గది. పప్పుకు పెద్ద కుక్కరు. నడుము ఎత్తు గట్టు. గుండిగకు రెండు పక్కలా గట్టి చెవులు ఉండాలి, వీలైతే అడుగున గంజి పోయే కుళాయి ఉండాలి. దాన్ని ఎత్తి వంచనక్కర్లేకుండా ఆ ఒక్క కుళాయి ఎన్ని కాలిన చేతుల్ని కాపాడుతుందో ఆలోచించండి. గ్రైండర్లు, మెషిన్లు ఇవ్వొద్దని అనను గానీ, కరెంటు ఆగితే ఆగిపోయేవాటిని చివర పెడతాను.

ఇచ్చిన సామాను పాడవుతుంది, పోతుంది, మూలపడుతుంది అనే మాట అధికారుల నోట తరచు వస్తుంది. అది అబద్ధమేమీ కాదు. తుప్పుపట్టిన పొయ్యిలు, రబ్బరు చుట్ట తెగిన కుక్కర్లు చాలా బడుల్లో ఉన్నాయి. కానీ సామాను ఒకసారి ఇచ్చి, మరమ్మతుకు పైసా ఇవ్వకపోతే ఏ హోటల్లోనైనా జరిగేది అదే. హోటలు యజమాని రబ్బరు చుట్ట మార్పించుకుంటాడు. బడి వంటమనిషి దానికోసం అర్జీ పెట్టుకోవాలి. ఏడాదికొకసారి మరమ్మతు ఖర్చు ఆ వంట సంఘం చేతికే ఇస్తే, ఆ ఊరి వెల్డరుతో చెవి అతికించుకోవడం ఆమెకు తెలుసు. ఆమెకు ఏ సామాను కావాలో కూడా ఆమెనే అడగాలి. 2009 డిసెంబరు నుంచి కేంద్రం లెక్కలో ఆమె గౌరవ వేతనం నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. ఆంధ్రప్రదేశ్ 2019లో దాన్ని 3000 చేసింది. ఏ లెక్కన చూసినా ఇది ఆమె నైపుణ్యానికి కట్టిన వెల కాదు. తక్కువ కూలికి ఎక్కువ బరువు మోస్తున్న మనిషిని సర్దుకుపోతుందని మెచ్చుకుంటూ, ఆ మెచ్చుకోలునే సామానుకు బదులుగా లెక్కవేయడం మానాలి.

వింటున్నవారిలో పిల్లల్ని సర్కారు బడికి పంపే తల్లిదండ్రులు ఉంటారు, పాఠశాల కమిటీల్లో సభ్యులు ఉంటారు, సర్పంచులు ఉంటారు. మీ అందరికీ ఒక విన్నపం. ఈ వారంలో ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు మీ ఊరి బడికి వెళ్లండి. భోజనం రుచి చూడడానికి పన్నెండున్నరకు వెళితే వంట అయిపోయి ఉంటుంది. పదకొండుకే వెళ్లి, ఆ అన్నం గుండిగ పొయ్యి మీదినుంచి దిగే వేళకు అక్కడ నిలబడి చూడండి. తర్వాత ఆ వంటచేసే అమ్మను కూర్చోబెట్టి ఏమేం కావాలో అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు కమిటీ తీర్మానంలో రాయించండి.